ఏడు రోజుల క్యాంపు చాలదు, కాలేజీకొక చెరువు కావాలి

మదనపల్లె, పుంగనూరు, కుప్పం కాలేజీల విద్యార్థులకు, అధ్యాపకులకు, నిమ్మనపల్లె మండల రైతులకు విన్నపం.

టమోటా తోట పీకేసిన చేను ఒకసారి చూడండి. చిరిగిన మల్చింగ్ షీటు సగం మట్టిలో ఉంటుంది, సగం గట్టు మీద. కొందరు పోగుచేసి తగలబెడతారు. ఆ నల్లపొగ ఇళ్ల మీదికే వస్తుంది. మిగిలింది గాలికి వంకలో పడి, వానకు కొట్టుకొచ్చి, చెరువు తూముకు అడ్డం పడుతుంది. తూము మూసుకుంటే ఆయకట్టుకు నీళ్లుండవు. కాలవలో కంపచెట్లు మొలిస్తే చెరువుకే నీళ్లు రావు. బాహుదా నది పారే మండలంలో ఉండి కూడా బోర్ల కోసం అప్పులు చేస్తున్నాం.

పని చేసే చేతులు లేకనా? గాంధీజీ శతజయంతి వేళ, 1969 సెప్టెంబరు 24న మొదలైన జాతీయ సేవా పథకం (ఎన్ఎస్ఎస్)లో ప్రతి వలంటీరూ ఏడాదికి 120 గంటలు సేవ చేయాలి. నూరు మంది ఉన్న యూనిట్ అయితే 12,000 గంటలు! ఏ పంచాయతీ ఇంత శ్రమను కొనగలదు? అదంతా ర్యాలీలకూ, నాటి మరిచిపోయే మొక్కలకూ పోతోంది. నిరుడు ఏడు రోజుల క్యాంపుకు వచ్చిన పిల్లలు పని ఎక్కడ వదిలారో ఈ ఏడాది వచ్చినవాళ్లకు తెలియదు. తప్పు పిల్లలది కాదు, పద్ధతిది.

అందుకే అడుగుతున్నాం: ఒక కాలేజీ ఒకే చెరువును కనీసం ఐదేళ్లు పట్టుకోవాలి. మదనపల్లె కాలేజీలు మా నిమ్మనపల్లె మండలానికి రావాలి. పుంగనూరు, కుప్పం వాళ్లు తమ చుట్టుపక్కల చెరువులు చూసుకోవాలి. 1915లో పుట్టిన మదనపల్లె బీటీ కాలేజీ ముందడుగు వేస్తే మిగతావి వెంట వస్తాయని మా నమ్మకం.

మన చెరువులు నిండేది ఎక్కువగా సెప్టెంబరు నుంచి నవంబరు దాకా పడే వానలకే. కాబట్టి క్యాంపు ఆగస్టు లోపే జరగాలి. ఏ గుట్ట నీళ్లు ఏ వంక గుండా వస్తాయో చెరువు నీళ్లు పంచే నీరుగట్టి కుటుంబాల పెద్దలకు తెలుసు. విద్యార్థులు ముందు వాళ్ల వెంట కాలవ పొడుగునా నడవాలి, పటం గీయాలి, ఆ తర్వాతే కొడవలి పట్టాలి. నాయకత్వం నేర్చుకునేది అక్కడే. పూడికతీత మాత్రం ఉపాధి హామీ కూలీలది. దాన్ని పిల్లల చేత ఉచితంగా చేయించి వాళ్ల కూలి పోగొట్టకండి.

ఇది అయ్యే పనేనా అనేవాళ్లు మదనపల్లె దగ్గరి ఋషి వ్యాలీ బడికి వెళ్లి రండి. బోడిగా ఉన్న ఆ లోయలో బడివాళ్లు ఏళ్ల తరబడి చెట్లు పెంచారు, వాననీళ్లు నిలిపారు. 1991లో అది పక్షుల సంరక్షణ ప్రాంతమైంది.

రైతులారా, మన వంతూ ఉంది. వాడేసిన షీటు తగలబెట్టకుండా ఊరికొక చోట పోగుచేద్దాం. కాలవ ఎవరి చేలో కలిసిపోయిందో పరాయి పిల్లల చేత చెప్పించడం న్యాయం కాదు. ఆ మాట గ్రామసభలో మనమే అనాలి. జనవరి 26 సభలో మీ చెరువు పేరు రాసి తీర్మానం చేయండి. దాని నకలు అదే వారంలో కాలేజీ ప్రిన్సిపాల్‌కూ, ఎంపీడీఓకూ అందించండి.