ఆటలో పానీయం, కొలిమిలో ఉక్కు

పిల్లలు మైన్‌క్రాఫ్ట్ ఆడితే చదువు పాడవుతుందని విసుక్కునే ముందు, అందులో పానీయాలు ఎలా కాస్తారో చూడండి. నీళ్ల సీసాలో ముందు నెదర్ వార్ట్, తర్వాత చక్కెర వేస్తే వేగాన్నిచ్చే పానీయం వస్తుంది. ముందే చక్కెర వేస్తే పనికిరాని ద్రవమే మిగులుతుంది. రెడ్‌స్టోన్ చేరిస్తే 3 నిమిషాల ప్రభావం 8 నిమిషాలవుతుంది. గ్లోస్టోన్ చేరిస్తే బలం పెరిగినా, ప్రభావం ఒకటిన్నర నిమిషాలకు తగ్గుతుంది. వరుస ముఖ్యమని, ఒకటి కావాలంటే మరొకటి వదులుకోవాలని ఆట చక్కగా నేర్పుతుంది.

నేర్పనిది తూకం. ఒక్క చక్కెరతో ఒక సీసా కాచినా, మూడు కాచినా ఫలితం ఒకటే. రిసాలి పిల్లలకు దగ్గర్లోనే దీనికి జవాబుంది. భిలాయి ఉక్కు కర్మాగారంలో 1959 నుంచి ఇనుము కరుగుతోంది. బ్లాస్ట్ ఫర్నేసులో ఖనిజం, కోక్, సున్నపురాయి పాళ్లు తప్పితే మలినాలు సరిగా విడిపోవు.

ఆటలో పొరపాటుకు పోయేది సీసా మాత్రమే. ఇంట్లో బ్లీచింగ్ పౌడర్‌కు బాత్‌రూమ్ యాసిడ్ తగిలితే విషవాయువు క్లోరిన్ వెలువడుతుంది. ఈ తేడా చెప్పాల్సింది మనమే. అందుకే ఆట మాన్పించనక్కర్లేదు. పక్కన ఒక నోటుపుస్తకం, వంటింటి త్రాసు పెట్టండి. గ్లాసు చన్నీళ్లలో ఎంత పంచదార కరుగుతుందో, వేడినీళ్లలో ఎంత కరుగుతుందో వాళ్లనే తూచి రాయమనండి. రసాయనశాస్త్రం అక్కడే మొదలవుతుంది.