నేరం రాయిదా, సర్కారుదా?

రాజస్థాన్ పల్లెల్లో ఆడబిడ్డ బోరింగు కొట్టి బిందె నింపితే నీళ్లతోపాటు యురేనియం వస్తున్నది. అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు రాజస్థాన్, గుజరాత్‌లలో 324 బావుల నీళ్లు పరీక్షించి 2018లో ఈ సంగతి బయటపెట్టారు. రాజస్థాన్‌లో దాదాపు మూడోవంతు బావులు ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీత దాటాయి. ఆ గీత లీటరుకు 30 మైక్రోగ్రాములు.

దీనికి సార్ల దగ్గర ఒక జవాబు తయారుగా ఉంటుంది. ప్రకృతి సహజం!

రాయిలో యురేనియం ఉండటం సహజమే. ఎవరు కాదన్నారు? కానీ రాయిలో ఉన్నది గొంతులోకి ఎట్లా దిగింది? నీళ్లు అడుగంటి రాతిపొరల్లోకి గాలి చొరబడితే యురేనియం కరిగే రూపానికి మారుతుంది. నీళ్లలోని బైకార్బనేట్ దాన్ని పట్టుకుని మళ్లీ రాయికి అంటనివ్వదు. చేలల్లో చల్లిన యూరియా నుంచి దిగే నైట్రేట్ దానికి తోడు. కాలువ రాని ఊళ్లో రైతు అప్పు తెచ్చి బోరు మీద బోరు వేయక ఏం చేస్తడు? ఇదీ సహజమేనా?

ఎడారి కథ మనకెందుకు అనుకోకండి. నల్లగొండ కాళ్ల కింద ఉన్నదీ గ్రానైటే. లంబాపూర్-పెద్దగట్టులో యురేనియం తవ్వుతామని 2003లో ప్రజాభిప్రాయ సేకరణ పెడితే జనం అడ్డం తిరిగారు. గని కోసమైతే రాయిలో ఎంతున్నదో లెక్క దొరుకుతుంది. ఆ చుట్టుపక్కల నీళ్లను పరిశోధకులు కొలిచి ఇంగ్లీషు జర్నళ్లలో అచ్చేశారు కూడా. తాగేవాడికి ఎవరు చెప్పారు?

దీనితో మొదట దెబ్బతినేది మూత్రపిండాలు. రేడియేషన్ కన్నా దాని రసాయన విషమే ముందు పనిచేస్తుంది. కాచి చల్లార్చినా పోదు. ఇంత తెలిసీ అణుశక్తి నియంత్రణ మండలి 60 మైక్రోగ్రాముల దాకా పర్వాలేదన్నది. మన తాగునీటి ప్రమాణాల్లో యురేనియానికి 30 అనే పరిమితి చేరింది 2021లో! అప్పటిదాకా తాగినవాళ్ల సంగతి?

2016లో మొదలైన మిషన్ భగీరథ నల్లా ఉన్నది కదా అంటారు. నల్లా రాని పూట చెలక కాడ కూలి ఏ నీళ్లు తాగుతడు?

ప్రతి బోరు పరీక్షించండి. లెక్క, తేదీ పంచాయతీ గోడ మీద రాయించండి. సున్నం డబ్బా, బ్రష్షు మేమే తెచ్చుకుంటాం. లెక్క మీరు చెప్పండి.