పాత బల్లకు క్రొత్త వన్నె

కాలు వదులైన కుర్చీని, రంగు వెలసిన బల్లను వంటచెఱకుగా భావించుట మనలో పెక్కుమందికి అలవాటు. పాత వస్తువును వాడుట పేదఱికపు గుర్తని కొందఱు తలంతురు. ఇది సరియైన తలంపు కాదు. టేకు చెట్టు చేవదేఱుటకు అనేక సంవత్సరములు పట్టును. దానితో చేసిన బల్లను ఒక్క దినమున పొయ్యిలో పెట్టుట ఎంత అవివేకము!

2022లో అనకాపల్లి జిల్లాలో చేరిన చోడవరమునకు కఱ్ఱకు వన్నె పెట్టు విద్య క్రొత్తది కాదు. అదే జిల్లాలో వరాహనదీ తీరమున ఏటికొప్పాక గ్రామము కలదు. అచ్చటి పనివారు అంకుడు కఱ్ఱను తరిమెనపై త్రిప్పుచు, రంగు కలిపిన లక్కను దానికి ఒత్తుదురు. రాపిడి వేడిమికి లక్క కరగి కఱ్ఱకు అంటుకొనును. ఆ బొమ్మలు 2017లో భౌగోళిక గుర్తింపును పొందినవి. సామాన్యమైన కఱ్ఱకు అంతటి విలువ తెచ్చినది పనితనమే కదా!

మన బల్లకు లక్క అక్కఱలేదు. ముందుగా వడ్రంగిచే అతుకులు బిగింపింపవలెను. చెదలు తిన్న చెక్కను మార్పింపవలెను. రంగు లోపమును కప్పునే గాని మాన్పదు. పిదప గరుకు కాగితముతో రుద్ది, దుమ్ము తుడిచి, పలుచగా రంగు పూయవలెను. అది ఆఱిన పిమ్మట రెండవ పూత వేసి, అంచున సన్నని ముగ్గు తీర్చిన చాలును.

బాలబాలికలారా! క్రొత్త వస్తువును కొనుటకు ధనము చాలును. పాతదానిని నిలుపుకొనుటకు ఓర్పును నేర్పును కావలెను. ఈ రెండును ధనముకంటె మిన్న.