ఆదోని ఓటు, మతం పేరు

2024 జూన్ 4న ఆదోని ఫలితం వెలువడిన తర్వాత మనలో చాలామంది అడిగిన ప్రశ్న ఒకటే: సిద్దీ మసూద్ ఖాన్ కట్టించిన జామియా మస్జిద్ ఉన్న ఊరు, ముస్లింలు పెద్ద సంఖ్యలో ఉన్న ఊరు బీజేపీ అభ్యర్థి పి.వి. పార్థసారథిని ఎలా గెలిపించింది?

ఈ ప్రశ్నలోనే పొరపాటు ఉందని మా అభిప్రాయం. ముస్లిం ఓటు అనేది ఒకే మూట అనీ, ఎవరో దాన్ని మోసుకుపోతారనీ మనమే ఒప్పుకున్నట్లవుతుంది. ఆ రోజు ఆదోని ఓటరు చేతిలో రెండు ఓట్లున్నాయి. పొత్తులో అసెంబ్లీ స్థానం బీజేపీకి పోయింది. కర్నూలు లోక్‌సభ స్థానం తెలుగుదేశానికి దక్కింది. ప్రభుత్వం మారాలనుకున్న మనిషికి ఒక యంత్రం మీద కమలం, పక్క యంత్రం మీద సైకిల్. పొరుగున ఎమ్మిగనూరులో రెండూ సైకిళ్లే. దీన్నంతా మతం తీర్పుగా చదవడం తొందరపాటు.

అలాగని మతం ప్రసక్తి లేకుండా ఆ ఎన్నిక జరిగిందా? లేదు. ముస్లిం రిజర్వేషన్లు తీసేస్తామని బీజేపీ పెద్దలన్నారు. నాలుగు శాతం కొనసాగుతుందని చంద్రబాబు అన్నారు. ఒకే కూటమిలో రెండు మాటలు! 2007 చట్టం వెనుకబడిన ముస్లిం వర్గాలకిచ్చిన ఈ సీట్లు 2010 మార్చి నాటి సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఆసరాతో నడుస్తూ వచ్చాయి. ఒకరు భయపెట్టడానికి, ఇంకొకరు ఊరడించడానికి అదే సరుకైంది. పత్తి ధర, తాగునీరు, మిరప కోతలకు గుంటూరు వైపు వలసపోయే కుటుంబాల పిల్లల చదువు ఆ సందడిలో వెనక్కి పోయాయి.

ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ మతం పేరిట ఓటడగడాన్ని అవినీతి చర్యగా చెబుతోంది. అదే సెక్షన్, ఫలానావారికి ఓటేస్తే దేవుని ఆగ్రహం తప్పదని బెదిరించడాన్నీ నిషేధించింది. ఈ రెండో మాట మనవాళ్లూ వినాలి. ప్రార్థనా స్థలాలను ఎన్నికల ప్రచారానికి వాడరాదన్న నియమం మందిరానికెంతో మస్జిద్‌కూ అంతే. ఎదుటివారి జెండాను తప్పుపట్టి, మన ముంగిట వేదిక వేయించడం ఏం న్యాయం?

చట్టం ఉన్నా దాని నడక నత్తనడక. 1987లో ముంబయి విలేపార్లే ఉపఎన్నికలో బాల్ ఠాక్రే ప్రసంగాల మీద వేసిన కేసులో హైకోర్టు ఇచ్చిన ఎన్నిక రద్దు తీర్పును సుప్రీంకోర్టు ఖరారు చేసింది 1995 డిసెంబరు 11న. అప్పటికి ఆ శాసనసభే ముగిసిపోయింది. 1990 నాటి శాంతాక్రజ్ ఎన్నిక వివాదంలో ఏడుగురు న్యాయమూర్తులు, అభ్యర్థి మతమే కాదు ఓటరు మతం పేరిట అడిగినా తప్పేనని నలుగురు ముగ్గురిగా చీలి తేల్చింది 2017 జనవరి 2న.

ఫిర్యాదు చేయదలచినవారికి మాత్రం చట్టం ఇచ్చింది ఫలితం తర్వాత 45 రోజులే. ప్రసంగం విన్ననాడే తేదీ, చోటు, మాటలు రాసిపెట్టుకున్నవారికే ఆ గడువు సరిపోతుంది.