పెద్దాయన ఉన్నంతకాలమే కొలువు

ఎగ్జిక్యూటివ్ అసిస్టెంట్ (ఈఏ) కొలువు ఎంత ఎత్తుకు చేరుస్తుందో చెప్పాలంటే ఎన్.చంద్రశేఖరన్ పేరు చాలు. 1996లో టీసీఎస్‌లో సీఈఓ ఎస్.రామదొరైకి ఈఏగా నియమితులైన ఆయన 2009లో అదే సంస్థకు సీఈఓ, 2017లో టాటా సన్స్ ఛైర్మన్ అయ్యారు. అయితే అది వేలమంది పనిచేసే కంపెనీ. ఒక సంపన్న కుటుంబం తన ఆస్తిపాస్తులు, పెట్టుబడులు చూసుకోవడానికి పెట్టుకున్న ఫ్యామిలీ ఆఫీసులో అన్ని మెట్లుండవు. అక్కడ పది, పదిహేను మంది ఉంటే ఎక్కువ.

ఇలాంటి ఆఫీసులు మన దేశంలో 2018లో 45 ఉండగా, 2024కి దాదాపు 300 అయ్యాయని పీడబ్ల్యూసీ అంచనా. అజీమ్ ప్రేమ్‌జీ వారి ప్రేమ్‌జీ ఇన్వెస్ట్, నారాయణమూర్తి గారి కాటమరాన్ అందరికీ తెలిసినవే. చాలావాటికి గుమ్మం మీద బోర్డు కూడా ఉండదు. వాటిలో ఈఏ పొద్దున పెట్టుబడి కాగితాలు సిద్ధం చేస్తారు, మధ్యాహ్నం అమ్మాయిగారి విదేశీ కాలేజీ ఫీజు కడతారు, రాత్రి పెద్దావిడను ఆస్పత్రిలో చేర్పిస్తారు. అన్నదమ్ముల మధ్య మాటలున్నాయో లేవో మొదట తెలిసేదీ వారికే. జీతంలో కొంత భాగం పనికి, కొంత భాగం నోరు మెదపనందుకు!

అమెరికాలో ఈ తరహా ఉద్యోగుల మధ్యస్థ వార్షిక వేతనం 2024 మేలో 74 వేల డాలర్ల పైచిలుకు. న్యూయార్క్ ఫ్యామిలీ ఆఫీసుల్లో లక్ష దాటడం వింతేమీ కాదు. కానీ ముఖ్యమైన వ్యవహారాలు సొంతంగా నడిపే అధికారమున్న సహాయకులకు అక్కడి ఫెడరల్ చట్టం సాధారణంగా ఓవర్‌టైమ్ ఇవ్వదు. అర్ధరాత్రి ఫోన్లన్నీ కలుపుకొని గంటకెంత పడిందో లెక్కేస్తే ఆ లక్ష అంత పెద్దగా కనిపించదు.

మన దగ్గర చిక్కు ఇంకోటి. పీఎఫ్ తప్పనిసరి కావాలంటే సాధారణంగా 20 మంది, గ్రాట్యుటీకి 10 మంది ఉద్యోగులుండాలి. చిన్న ఫ్యామిలీ ఆఫీసు ఈ రెండు గీతలకూ దిగువనే ఉండిపోవచ్చు. లైంగిక వేధింపుల ఫిర్యాదుకు అంతర్గత కమిటీ కూడా కనీసం 10 మంది ఉంటేనే. లేదంటే జిల్లాలోని స్థానిక కమిటీ దగ్గరికి వెళ్లాలి. అదే ఈఏను గ్రూపు కంపెనీ రోల్స్‌లో చూపిస్తే కథ మారుతుంది. కాబట్టి జీతమెంత అని అడిగే ముందు, ఆ జీతం ఎవరి ఖాతాలోంచి వస్తుందో అడగాలి. హైదరాబాద్‌లో ఔషధ, నిర్మాణ వ్యాపార కుటుంబాల దగ్గర కొలువుకు వెళ్లే కుర్రకారు మొహమాటపడి వదిలేసేది ఈ ప్రశ్ననే.

యజమాని తర్వాత ఏమిటన్నది మరో సంగతి. రతన్ టాటా 2024 అక్టోబరులో కన్నుమూశాక, ఆయన కార్యాలయంలో పనిచేసిన శంతను నాయుడు 2025 ఫిబ్రవరిలో టాటా మోటార్స్‌లో జనరల్ మేనేజర్‌గా చేరారు. వెనక అంత పెద్ద గ్రూపు ఉంది గనుక చోటు దొరికింది. మామూలు కుటుంబంలో పెద్దాయన పోయాక పిల్లలు తమ మనుషుల్ని తెచ్చుకుంటారు. పాత ఈఏ ఇన్నేళ్లలో ఏం సాధించారో కొత్తచోట చెప్పుకుందామంటే గోప్యత ఒప్పందం అడ్డం. ఆ ఒప్పందం మీద సంతకం చేసేటప్పుడే ‘చీఫ్ ఆఫ్ స్టాఫ్’ లాంటి హోదా, పెట్టుబడుల పనిలో వాటా, ఆఫీసు మూతపడితే ఎన్ని నెలల జీతమిస్తారన్నది రాయించుకున్నవారికే బేరమాడే బలం ఉంటుంది. చేరిన మూడేళ్లకు అడిగితే అది కృతఘ్నతలా వినిపిస్తుంది.