రన్‌వే వేసిన చేతులకు మ్యూజియంలో చోటేది?

అండమాన్‌కు వచ్చే ప్రతి విమానమూ దిగేది లంబాలైన్‌లోనే. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ ద్వీపాలను ఆక్రమించిన జపాన్ సైన్యం ఇక్కడి జనం చేత వెట్టి చేయించి తన విమానాల కోసం ఈ నేలను చదును చేయించింది. ఈ సంగతి నాకు కొత్త కాదు. కానీ ఆ వెట్టి చేసిందెవరన్న ప్రశ్న మాత్రం ఈ మధ్య పోర్ట్ బ్లెయిర్‌లోని ఒక మ్యూజియంలో సైనిక చరిత్ర మీద జరిగిన ప్రసంగం వింటున్నప్పుడే నాకు తట్టింది.

ప్రసంగం బాగానే సాగింది. 1942 మార్చి 23న జపాన్ దళాలు దిగిన తీరు, తీరం వెంట కట్టిన బంకర్లు, 1943 డిసెంబరు 30న సుభాష్ చంద్రబోస్ ఇక్కడ జెండా ఎగరేసిన ఘట్టం, అన్నీ వచ్చాయి. చివర్లో నేను ఒకటే అడిగాను: లంబాలైన్‌లో మట్టి మోసిందెవరు? "స్థానిక కూలీలు" అన్నారు వక్త. తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు.

ఆయనను తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. సైనిక చరిత్రను మనం నేర్చుకున్న పద్ధతే అలాంటిది. తుపాకీ పట్టినవాడికి పేరు, హోదా, పతకం ఉంటాయి. పార పట్టినవాడు "కూలీ" అన్న ఒక్క మాటలో కలిసిపోతాడు. పార పట్టినవాళ్ల కులమేమిటని అడిగితే, చరిత్రలోకి కులం ఎందుకు తెస్తారని ఎదురుప్రశ్న వేస్తారు.

ఆనాటి "స్థానికులు" ఎవరు? శిక్ష పడి సముద్రం దాటిన ఖైదీల సంతానం. 1918 నుంచి అడవులు కొట్టడానికి ఛోటానాగపూర్ నుంచి తెచ్చిన ఆదివాసులు. వాళ్లను ఇక్కడ అందరూ "రాంచీలు" అంటారు. "నేరస్థ తెగ" ముద్ర వేసి ఉత్తర భారతం నుంచి తరలించిన భాంతూలు. 1921 తిరుగుబాటు తర్వాత పంపిన మోప్లాలు. బర్మా నుంచి తెచ్చిన కరెన్లు. ఈ ద్వీపాల్లో అడవి నరికిందీ, రోడ్డు వేసిందీ, జైలు కట్టిందీ ఇలా తెచ్చిపడేసిన మనుషులే. పాలకులు మారినా పని చేసిన చేతులు మారలేదు.

ఈ ప్రశ్న ఇక్కడ మరింత పదునెక్కడానికి ఒక కారణం ఉంది. అండమాన్ నికోబార్‌కు షెడ్యూల్డు కులాల జాబితాయే లేదు. 2011 జనాభా లెక్కల్లో ఇక్కడ ఎస్సీల సంఖ్య సున్నా. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చిన తెలుగువాళ్లలో మాల, మాదిగ కుటుంబాలు ఉన్నా ఈ నేల లెక్కల్లో వాళ్లు ఆ పేరుతో లేరు. రాంచీ ఆదివాసులకు ఇక్కడ ఎస్టీ హోదా లేదు. మరోవైపు, ఓబీసీ జాబితాలో "1942కు ముందు స్థిరపడినవారు" అనే వర్గం ఉంది. అంటే యుద్ధం వచ్చిన ఏడాది నేటికీ ధ్రువపత్రాల్లో ఒక సరిహద్దు గీతగా బతికే ఉంది. సర్కారు కాగితంలో కులం సున్నా అయినచోట, మ్యూజియం కూడా మౌనం వహిస్తే ఆ మనుషుల ఉనికికి సాక్ష్యం ఇంకెక్కడ దొరుకుతుంది?

హత్యల జ్ఞాపకంలోనూ ఇదే తేడా కనిపిస్తుంది. 1944 జనవరిలో చిత్రహింసలకు బలైన డాక్టర్ దివాన్ సింగ్ పేరు మనకు తెలుసు. అదే నెల 30న హంఫ్రేగంజ్‌లో కాల్చి చంపిన 44 మందికి స్మారకం ఉంది. ఉండాలి కూడా. కానీ 1945 ఆగస్టులో, తిండి లేని రోజుల్లో, పనికిరారని ఓడల్లో ఎక్కించి హావ్‌లాక్ దగ్గర సముద్రంలో తోసేసిన వందలాది మంది పేర్లు మనలో ఎందరు చెప్పగలరు?

బాబాసాహెబ్ పుట్టింది మౌ సైనిక కంటోన్మెంట్‌లో, సుబేదార్ రాంజీ ఇంట. సైనిక చరిత్రను ఆయన వీరగాథగా చదవలేదు, హక్కుల పత్రంగా చదివారు. 1927 జనవరి 1న కోరేగావ్ స్తంభం దగ్గరకు వెళ్లింది యుద్ధాన్ని పొగడడానికి కాదు. 1818 నాటి మృతులలో ఆ రాతి మీద చెక్కిన 49 పేర్లలో 22 మహర్లవి. అంతటి సేవ చేసినవాళ్లకే 1890ల్లో సైన్యం తలుపులు మూసేసింది. తెలుగువాళ్లకూ ఆ అనుభవం ఉంది. కంపెనీ సిపాయిలను ఉత్తరాదిలో "తిలంగాలు" అని పిలిచేవారంటేనే మద్రాసు సైన్యంలో మనవాళ్ల పాత్ర ఎంతో తెలుస్తుంది. తర్వాత రాబర్ట్స్ వంటి సేనానులు "యుద్ధ జాతులు" అనే సిద్ధాంతం తెచ్చి దక్షిణాది పటాలాలను తగ్గించుకుంటూ పోయారు. ఎవరు వీరులో, ఎవరు కూలీలో తేల్చింది యుద్ధరంగం కాదు, ఆ సిద్ధాంతమే.

ఇక్కడ మన వైపు కూడా ఒక నిజం ఒప్పుకోవాలి. 1859 మే 17న అబెర్డీన్‌లో గ్రేట్ అండమానీయులు విల్లంబులతో ఎదురు నిలిచింది తమ అడవి కోసం. ఆ అడవిని నరికిన చేతుల్లో మన పూర్వీకుల చేతులూ ఉన్నాయి, సంకెళ్లతోనే అయినా. వాళ్ల సంఖ్య నేడు కొన్ని పదులకు పడిపోయింది. మన బాధను చెప్పుకుంటూ వాళ్ల నష్టాన్ని దాటవేస్తే, ఆ వక్త చేసిన పనే మనమూ చేసినట్టు.

మ్యూజియంలో ప్రసంగాలు ఆపమని నేను అనడం లేదు. ఇంకా ఎక్కువ జరగాలి. వేదిక మీదికి విశ్రాంత అధికారులతో పాటు రాంచీ బస్తీ పెద్దను, భాంతూ కుటుంబాన్ని, జంగ్లీఘాట్ తెలుగు ముసలవ్వను పిలవాలి. వాళ్ల భాషలోనే మాట్లాడనివ్వాలి. ఆ మాటలను రికార్డు చేసి, ఫిరంగుల పక్కన పార, తట్ట పెట్టి, వెట్టి చేసినవాళ్లలో దొరికినన్ని పేర్లు రాయాలి.

పరిశోధక విద్యార్థులకు నా విన్నపం కూడా ఇదే. 1942లో పదేళ్ల పిల్లకు ఇప్పుడు తొంభై దాటాయి. ఆర్కైవ్ తలుపులు రేపు కూడా తెరుస్తారు. ఆ అవ్వ మాత్రం మీ తర్వాతి సెమిస్టర్ దాకా ఆగకపోవచ్చు. లంబాలైన్‌లో విమానం దిగి సెల్యులార్ జైలుకు ఆటో మాట్లాడుకునే ముందు, ఆమె ఇల్లెక్కడో కనుక్కోండి.

జై భీమ్.