కూర్చోవద్దనే పాతాళం

మహానగరాల నేల కింద నడిచే రైళ్ళ గురించి మనవాళ్ళు రాసేవి రెండు రకాలు. మొదటిది విదేశం వెళ్ళొచ్చినవాళ్ళ పాట. ఎంత శుభ్రం, ఎంత టైము, లండన్‌లో ఎస్కలేటర్ మీద అందరూ కుడిపక్కనే నిలబడతారండీ, మనవాళ్ళకి ఆ బుద్ధి ఎప్పుడొస్తుందో! రెండోది కవుల పాట. వేలమంది మధ్య ఒంటరితనం, నల్లటి కిటికీ అద్దంలో తన ముఖం తనకే పరాయిగా కనపడటం, నగరం కడుపులో పాకే ఇనప పాము. ఈ పాము మన కథల్లో, కవితల్లో ఎన్నిసార్లు పాకిందో లెక్కలేదు. పాపం, దానికీ విసుగొచ్చి ఉంటుంది.

నాకు ఈ రెండు పాటలతోనూ పేచీ ఉంది. ఇద్దరూ రైల్లో సీటు దొరికినవాళ్ళే. ఆ నేల కింద ఎవరు ఆగొచ్చు, ఎంతసేపు ఆగొచ్చు, ఎవరిని ఎవరు లేపి పంపించొచ్చు అన్న ప్రశ్న ఇద్దరికీ తట్టదు. భూగర్భానికి సాంస్కృతికంగా ఒక అర్థం ఏర్పడిందంటే అది ఆ ప్రశ్న చుట్టూనే ఏర్పడింది. వేగమూ, పాలరాయీ, ఒంటరితనమూ తర్వాతి సంగతులు.

ఒంటరితనం పాటకి ఒక సిద్ధాంతం కూడా తోడైంది. ఫ్రెంచ్ మానవశాస్త్రజ్ఞుడు మార్క్ ఓజే 1992లో విమానాశ్రయాలు, సూపర్‌మార్కెట్లు, హైవేల గురించి రాస్తూ ‘స్థలం కాని స్థలాలు’ అన్నాడు. జ్ఞాపకం అంటని, సంబంధం కలపని చోట్లు అని. ఆ మాట పట్టుకుని మెట్రోని కూడా ఆ జాబితాలో పడేశారు చాలామంది. అదే ఓజే అంతకు ఆరేళ్ళ ముందు, 1986లో, పారిస్ మెట్రో మీదే ఒక చిన్న పుస్తకం రాశాడు. రోజూ ఎక్కి దిగే స్టేషన్ల పేర్లతో మనుషుల సొంత జ్ఞాపకాలూ, దేశ చరిత్రా ఎలా పెనవేసుకుపోతాయో అందులో చెప్పాడు. మనవాళ్ళకి రెండో పుస్తకం మాత్రమే అందింది. మొదటిది అవసరం పడలేదు.

టోక్యో సంగతి చూడండి. 1995 మార్చి 20న సబ్‌వే రైళ్ళలో సారిన్ విషవాయువు వదిలారు. హరుకి మురకామి ఆ రైళ్ళలో ఉన్నవాళ్ళని ఒక్కొక్కరినీ కలిసి, వాళ్ళు చెప్పింది రాసుకుని 1997లో పుస్తకం వేశాడు. అది చదివితే ‘ముఖం లేని గుంపు’ అనే మాట మళ్ళీ వాడబుద్ధి కాదు. ఆ గుంపులో ఒకడికి కొత్తగా పెళ్ళయింది, ఇంకొకడు ఆఫీసుకి ఆలస్యమవుతుందని కళ్ళు మసకేస్తున్నా నడుచుకుంటూ పోయాడు. కసుమిగసెకి స్టేషన్‌లో ఆ పొట్లాలు తీసి నేల తుడిచిన ఉద్యోగులు ఇద్దరు చనిపోయారు. ముఖాలు లేకపోవడం కాదు, చూసేవాడికి చూసే తీరిక లేకపోవడం.

అసలు నేల కింద లోకం మనకి కొత్తా? ఏ పాత గుడికి వెళ్ళినా పూజారిగారో, పక్కన కొబ్బరికాయల కొట్టువాడో ‘ఇక్కణ్ణుంచి కాశీకి సొరంగం ఉందండీ’ అంటాడు. చార్మినార్ నుంచి గోల్కొండకి ఉందని హైదరాబాదువాళ్ళంటారు. ఎవరూ చూడలేదు, ఎవరూ కాదనరు. సినిమాలో పాతాళ భైరవి ఉండేది కిందే, అడిగినవి ఇచ్చేదీ అక్కడే. కానీ మన కథల్లో కిందకి వెళ్ళేవాళ్ళెవరో గమనించండి. బలిని తొక్కి పంపారు. సీత పైన చోటు చాలించుకుని తనే వెళ్ళిపోయింది. ఇక నిన్నటి తెలుగులో ‘అండర్‌గ్రౌండ్’ అన్న ఇంగ్లీషు మాటకి రెండు అర్థాలు స్థిరపడ్డాయి. ఒకటి సింగరేణి బాయి, రెండోది అజ్ఞాతవాసం. రైలు అన్న అర్థం ఏనాడూ లేదు. పైన బతుకు కుదరనివాళ్ళు దిగే చోటు అనే మన భాషకి తెలుసు. ఈ జ్ఞానం పెట్టుకుని కూడా మెట్రో దగ్గరకి వచ్చేసరికి మనం కిటికీ అద్దంలో ముఖం చూసుకుంటూ కూర్చున్నాం.

లండన్‌తో మొదలుపెడదాం, ఎందుకంటే మొదలైంది అక్కడే. 1863 జనవరిలో పాడింగ్టన్ నుంచి ఫారింగ్డన్ దాకా ఆవిరి ఇంజన్లతో నడిచింది. పొగకి ఊపిరాడక తిట్టుకుంటూనే జనం ఎక్కారు. ఆ లైనూ దాంతో వచ్చిన రోడ్లూ ఫ్లీట్ లోయలో పేదల ఇళ్ళు చాలా మింగాయి. అది అప్పటినుంచి ఇప్పటిదాకా మారని సంగతే. 2019 ఆగస్టు చివర్లో కలకత్తా బౌబజార్ కింద సొరంగం తవ్వే యంత్రం నీటిపొరని తాకితే పైన ఇళ్ళు కూలాయి, వందల మంది కట్టుబట్టలతో రోడ్డున పడ్డారు. 2024 మార్చిలో అదే లైను హుగ్లీ నది కింద మొదలైనప్పుడు దేశమంతా ఫోన్లలో చూసింది సొరంగంలోని నీలం దీపాలు. నది కింద 520 మీటర్లు, 45 సెకన్లు. బౌబజార్‌కి ఆ వీడియోల్లో అన్ని సెకన్లు కూడా దొరకలేదు.

లండన్ ట్యూబ్ ఇవాళ ఒక రైలుగా కంటే ఎక్కువైందంటే కారణం 1863 కాదు, 1940. జర్మన్ బాంబులు మొదలైన సెప్టెంబరులో ట్యూబ్ స్టేషన్లలో తలదాచుకోకూడదన్నది ప్రభుత్వం మాట. రైళ్ళు నడవాలి, పైగా జనం ఒకసారి కిందకి దిగితే ఆ భయం అలవాటై మళ్ళీ పైకి రారని అధికారుల లెక్క. జనం ఏం చేశారు? అతి చవక టికెట్ ఒకటి కొనుక్కుని, దుప్పట్లూ పిల్లలతో దిగి, ప్లాట్‌ఫారం మీద పడుకున్నారు. టికెట్ కొన్నవాణ్ణి ప్రయాణం ఎందుకు చెయ్యలేదని అడగడానికి లేదు కదా! లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్ దగ్గర తలుపులు తెరవకపోతే తోసుకునే వెళ్ళారు. ఈస్ట్ ఎండ్ వాళ్ళు, రేవు కూలీలు, దర్జీ పనివాళ్ళు, యూదులు. కొద్ది వారాల్లో ప్రభుత్వం దిగొచ్చింది. తర్వాతే మంచాలు, క్యాంటీన్లు, మరుగుదొడ్లు వచ్చాయి. ఇంకా పట్టాల మీదకి రైలు రాని బెత్నల్ గ్రీన్ స్టేషన్‌లో లైబ్రరీ కూడా పెట్టారు. హెన్రీ మూర్ ఆ పడుకున్న మనుషుల బొమ్మలు గీశాడు. అక్కడే కూర్చుని గీస్తే వాళ్ళ ఏకాంతంలోకి చొరబడినట్టవుతుందని, చూసి గుర్తుపెట్టుకుని తర్వాత గీసేవాడు. ఈ మర్యాద నాకు ఆ బొమ్మలంత నచ్చింది.

ఆ ఏడాది నవంబరులో లెక్కేస్తే ట్యూబ్‌లో పడుకున్నవాళ్ళు లండన్‌లో నూటికి 4గురే. మిగతావాళ్ళు ఎక్కువమంది ఇళ్ళల్లోనే ఉన్నారు. అయినా యుద్ధకాలపు లండన్ అంటే లోకానికి గుర్తున్నది ఆ నలుగురే. ఎందుకంటే వాళ్ళు వద్దన్న చోట పడుకున్నారు.

అదే బెత్నల్ గ్రీన్‌లో 1943 మార్చి 3 రాత్రి 173 మంది చనిపోయారు, అందులో 62 మంది పిల్లలు. ఆ రాత్రి అక్కడ బాంబేదీ పడలేదు. సైరన్ మోగి జనం దిగుతుంటే దగ్గర్లోని పార్కులో కొత్తరకం విమాన నిరోధక రాకెట్లు పేల్చారు. ఆ శబ్దానికి తొందరపడ్డారు. మెట్లు తడిగా ఉన్నాయి, దీపం ఒక్కటే, అదీ గుడ్డిది, మధ్యలో పట్టుకోవడానికి కమ్మీ లేదు. కింద ఒకావిడ జారిపడింది, మీద మీద పడ్డారు. ఆ ప్రవేశం ప్రమాదమని, బాగుచెయ్యడానికి డబ్బు కావాలని స్థానిక కౌన్సిల్ 1941లోనే అడిగింది. పైవాళ్ళు ఇవ్వలేదు. విచారణ నివేదికని యుద్ధం అయ్యేదాకా దాచిపెట్టారు. స్మారకం పూర్తయింది 2017లో. ఒక కమ్మీ ఖర్చు ఎంతుంటుందో మీరే ఊహించుకోండి. భూగర్భం గురించి రాసే ప్రతి వ్యాసమూ ఆ మెట్లు దిగి మొదలవ్వాలని నా కోరిక.

‘మరి మాస్కో?’ అంటారు. అనాలి కూడా. మనలో ఒక తరం పాఠ్యపుస్తకాలకి అట్టలేసుకున్నదే సోవియట్ భూమి కాయితాలతో. పాలరాతి స్తంభాలు, షాండ్లియర్లు, శ్రామికుడికి రాజభవనం. 1935 మేలో 13 స్టేషన్లతో తెరిచారు. దానికి కగనోవిచ్ పేరు పెట్టారు, ఇరవయ్యేళ్ళ తర్వాత తీసేశారు. కట్టినవాళ్ళ కథలతో అప్పుడే పుస్తకాలు వేశారు, వాటి సంపాదకుడు యువజన నాయకుడు కోసరేవ్‌ని 1939లో కాల్చేశారు. భవనం బాగుంది, కాదనను. మయకోవ్‌స్కయా స్టేషన్ పైకప్పులో దెయినేక మొజాయిక్‌లు చూడటానికి తల పైకెత్తితే మెడ నొప్పెట్టినా దించబుద్ధి కాదంటారు, ఫోటోలు చూసినా నమ్మొచ్చు. కానీ తల ఎత్తి చూడమని కట్టిన చోటది. అతిథిగా రా, మెచ్చుకో, వెళ్ళు. అది జనం సొంతమైంది 1941లో, బాంబులకి భయపడి ప్లాట్‌ఫారాల మీద పడుకున్నప్పుడు. మళ్ళీ అదే సోవియట్ కాలపు ఖార్కివ్ మెట్రోలో 2022లో మాస్కో షెల్లింగ్ నుంచే తప్పించుకోవడానికి జనం నెలల తరబడి కాపరాలున్నారు. 2023 సెప్టెంబరు నుంచి ఆ స్టేషన్లలో బడులు నడుస్తున్నాయి. ఆ పిల్లలకి మెట్రో అంటే లెక్కల క్లాసు. దీన్ని ఏ సిద్ధాంతంలో పెడతారో పెట్టండి.

ఇక మన దగ్గరకి. కలకత్తాలో 1984 అక్టోబరు 24న మొదలైంది. ఢిల్లీ 2002లో, ఇప్పుడు అది దేశంలో అన్నిటికంటే పెద్దది. ఈ మెట్రోలు బాగా నడుస్తున్నాయి, నేను ఎక్కుతాను, ఇష్టపడే ఎక్కుతాను. కానీ అక్కడ అస్తమానం వినపడే విన్నపాల్లో ఒకటి: నేల మీద కూర్చోవద్దు. కూర్చుంటే జరిమానా. టికెట్ కొన్నాక లోపల ఎంతసేపు ఉండొచ్చో కూడా లెక్కుంది, దాటితే అదనంగా కట్టాలి. 1940 లండన్ టికెట్‌తో పోల్చి చూడండి. పొద్దుణ్ణుంచి సిమెంటు మోసి వచ్చినవాడు గొంతుక్కూర్చోవడం ఈ దేశంలో కూర్చోవడానికి ఉన్న అతి మామూలు పద్ధతి. రైలు కోసం, డాక్టరు కోసం, రేషన్ కోసం మనం తరతరాలుగా అలాగే కూర్చుని ఎదురుచూశాం. దాన్ని నేరం చేశాక ఆ స్థలం ఎవరికోసం గీశారో వేరే చెప్పాలా?

నియమం గోడ మీద ఒకలా ఉంటుంది, మనుషుల చేతుల్లోకి వెళ్ళాక ఇంకోలా మారుతుంది. 2018 ఏప్రిల్ చివర్లో కలకత్తా మెట్రోలో ఒక జంట కౌగిలించుకున్నారని తోటి ప్రయాణికులే దమ్‌దమ్ స్టేషన్‌లో దింపి కొట్టారు. పెద్దమనుషులే, చదువుకున్నవాళ్ళే. మర్నాడు కుర్రాళ్ళు స్టేషన్ల దగ్గర నిలబడి ఉచితంగా కౌగిలింతలు పంచారు. ఆ మెట్రోకి నాలుగు దశాబ్దాల్లో జరిగిన సాంస్కృతిక సంఘటనల్లో ఇదొకటని నా లెక్క, గోడల మీద రవీంద్రుడి బొమ్మలకంటే పెద్దది. 2024 ఫిబ్రవరిలో బెంగళూరు రాజాజీనగర్ స్టేషన్‌లో నెత్తిన మూటతో, మాసిన బట్టలతో వచ్చిన ఒక రైతుని, చేతిలో టికెట్ ఉన్నా, ఆపేశారు. పక్కనున్న ప్రయాణికులు గొడవపడితేనే లోపలికి వదిలారు. వీడియో బయటికొచ్చాక సూపర్‌వైజరు ఉద్యోగం పోయింది. అంతటితో అయిపోయిందనుకున్నారు. ఆయన ఒక్కడికే ఆ బట్టల పట్ల అసహ్యం పుట్టిందా?

ఇక్కడ ఒక మాట వస్తుంది, వచ్చినవాళ్ళలో ఆడవాళ్ళున్నారు కాబట్టి తోసిపుచ్చను. ఈ క్రమశిక్షణ వల్లే కదా రాత్రి తొమ్మిదింటికి ఒక్కదాన్నే ఇంటికి రాగలుగుతున్నాను అని. నిజం. ఢిల్లీ బస్సులు ఎక్కినవాళ్ళకి మెట్రో ఏమిటో నేను చెప్పక్కర్లేదు. కానీ ఆ ధైర్యం ఇచ్చింది వెలుతురు, కెమెరాలు, 2010 నుంచి ఉన్న ఆడవాళ్ళ పెట్టె, అయిదారు నిమిషాలకో రైలు. కూలీ నేల మీద కూర్చోకపోవడం వల్ల ఎవరికి భద్రత పెరిగింది? రెంటినీ కలిపి ఒకే మూట కట్టి ‘క్రమశిక్షణ’ అని పేరు పెట్టడం దగ్గరే నా అభ్యంతరం. 2017లో ఢిల్లీ ఛార్జీలు మేలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి పెంచితే ప్రయాణికులు తగ్గిపోయారు. వాళ్ళలో ఆడవాళ్ళు లేరా? వాళ్ళు మళ్ళీ అదే బస్సు ఎక్కి ఉంటారు. అప్పుడు భద్రత గురించి ఇంత గట్టిగా ఎవరూ మాట్లాడినట్టు గుర్తులేదు.

హైదరాబాదుకి పాతాళం లేదు. 2017 నవంబరులో మొదలైన మెట్రో మొత్తం స్తంభాల మీదే నడుస్తుంది. అందుకని ఈ గొడవ మనది కాదనుకోకండి. మన మెట్రోకి కూడా ఒక ‘కింద’ ఉంది. వాన మొదలవగానే బైకులవాళ్ళు, ఆటోలవాళ్ళు, పళ్ళబండ్లవాళ్ళు ఆ వంతెనల కిందే చేరతారు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ నీడే నీడ. కట్టినవాళ్ళ డ్రాయింగుల్లో ఈ మనుషులు లేరు. పైన నడిచేది రైలు, కింద మిగిలింది జాగా, అంతే. 2019 సెప్టెంబరు 22న అమీర్‌పేట స్టేషన్ కింద వానకి నిలబడిన ఒక యువతి మీద పైనుంచి పెచ్చులూడి పడ్డాయి, ఆమె చనిపోయింది. ఆవిడ ప్రయాణికురాలు కాదు. తలదాచుకోవడానికి వచ్చిన మనిషి.

ఇప్పుడు మెట్రోని ఇంకా పొడిగిస్తామంటున్నారు. స్టేషన్ల బొమ్మలు పేపర్లలో వస్తాయి. ఆ గ్రాఫిక్కుల్లో ఎప్పుడూ ల్యాప్‌టాప్ సంచి తగిలించుకున్నవాళ్ళే నడుస్తుంటారు, ఒక్కరూ కూర్చుని ఉండరు, ఒక్కరి దగ్గరా మూట ఉండదు. ఈసారి ఆ బొమ్మ వచ్చినప్పుడు బెంచీలు ఎన్ని, టికెట్ లేకుండా తాగే నీళ్ళు ఎక్కడ, కింద నిలబడేవాళ్ళ నెత్తిన ఏముంది అని అడిగేవాళ్ళు కవుల్లోంచి ఒకరిద్దరైనా బయల్దేరితే, ఇనప పాముని కొన్నాళ్ళు వదిలేసినా నష్టం లేదు.